చెట్టు లేని చోట

గుత్తి దాటాక రైలు కిటికీలోంచి చూడటానికి ఏమీ ఉండదని చాలామంది ఫిర్యాదు. కోనసీమ నుంచి వచ్చినవాళ్లయితే మరీను. కొబ్బరితోటల నీడలో పెరిగిన కంటికి నేల మీద ఏదో ఒకటి నిలువుగా, పచ్చగా, గుబురుగా లేచి ఉండాలి. ఇక్కడ దొరికేది ఎర్రమన్ను, గుండ్రాళ్లు, మోకాలెత్తు గడ్డి, మధ్యమధ్య తంగేడు, రేగుకంప, ఎక్కడో ఒక ఒంటరి చండ్ర చెట్టు. ఓసారి నా ఎదుటి సీటు పెద్దమనిషి తాడిపత్రి దాకా ఓపిగ్గా చూసి, "ఏముందండీ ఇక్కడ, అంతా ఖాళీయే" అని షట్టరు దించేసి పడుకున్నాడు. ఆయన కొడుకు హైదరాబాదులో స్థలాల వ్యాపారం చేస్తాడని అంతకుముందే చెప్పి ఉన్నాడు కనక, ఆ మాట నాకు ఫిర్యాదుగానే కాదు, కొంచెం ఆశగా కూడా వినిపించింది.

ఆయన్ని తప్పుపట్టడానికి లేదు. మనందరికీ బడిలో భూగోళం చెప్పిన తీరే అది. భూమధ్యరేఖ చుట్టూ వర్షారణ్యాలు, వాటికి అటూ ఇటూ సవానాలు, ఆపైన ఎడారులు, ఇంకా పైకి పోతే స్టెప్పీలు, ప్రేరీలు, ఆ పైన సూదిమొన ఆకుల టైగా, చివర మంచు కింద టండ్రా. ఇప్పటి పుస్తకాల్లో వీటిని బయోములంటున్నారు. ఎండా వానా కలిసి ఒకచోట ఏది బతకాలో తేల్చిన లెక్క బయోమంటే. ఆ పాఠంలో గడ్డి ఎప్పుడూ పరాయివాళ్ల సొత్తు. సింహాలున్న ఆఫ్రికాది, అడవిదున్నలున్న అమెరికాది, గుర్రాలున్న రష్యాది. మనకు అడవులున్నాయనీ, అవి తరిగిపోతున్నాయనీ నేర్చుకున్నాం. దక్కను పీఠభూమి మీద ఇంత మేర పరుచుకున్న నేల కూడా సవానాయేనని, దానికీ ప్రపంచ పటంలో ఒక రంగు రావాలని మాకెవరూ చెప్పలేదు. ఈ పదిహేనేళ్లుగా బెంగళూరులోని కొందరు జీవావరణ శాస్త్రవేత్తలు ఆ మాట గట్టిగా చెబుతున్నారు. వినేవాళ్లు ఇంకా తక్కువే.

వినకపోవడానికి ఒక పాత నమ్మకం అడ్డు. ఒకప్పుడు ఇక్కడంతా దట్టమైన అడవి ఉండేది, మనిషి నరికేశాడు, మిగిలిన బోడి నేలే ఇది అని. ఇంగ్లీషు దొరల కాలపు అటవీ అధికారులు అలాగే అనుకున్నారు, వాళ్ల తర్వాత వచ్చిన మనవాళ్లూ అలాగే అనుకున్నారు. కొన్నిచోట్ల అది నిజమే కూడా. కానీ గడ్డి మనకంటే చాలా ముందు వచ్చింది. హిమాలయాల పాదాల దగ్గర శివాలిక్ కొండల మట్టిలో, ఆ మట్టిలో దొరికిన జంతువుల పళ్లలో, దాదాపు 80 లక్షల ఏళ్ల నాటి నుంచి ఈ ఎండదేశపు గడ్డి జాడలు పెరుగుతూ కనిపిస్తాయి. ఆనాటికి గొడ్డలి లేదు సరికదా, గొడ్డలి పట్టే చెయ్యే లేదు. అంటే ఇది పాడైన అడవి కాదు, తన లెక్కలో తాను నిండుగా ఉన్న నేల. కాకపోతే ఆ నిండుదనం కిటికీ ఎత్తులోంచి కనబడదు. దిగి, నేల మీద కూర్చోవాలి.

కూర్చుంటే మొదట తెలిసేది బట్టలకే. కార్తీకం నాటికి ఈ గడ్డిలో ఒక రకం ఎండి, దాని గింజలు పంచె అంచుకు, మేజోళ్లకు, గొర్రెబొచ్చుకు పట్టుకుంటాయి. ఒకదాన్ని పీకి అరచేతిలో పెట్టుకుని చూడండి. ముందు గోధుమరంగు మొన, ముట్టుకుంటే చురుక్కుమంటుంది. మొన చుట్టూ వెనక్కి వాలిన సన్నని నూగు, అందుకే గుచ్చుకోవడం తేలిక, ఊడిరావడం కష్టం. వెనక నల్లటి పొడుగు తోక, తాడు పేనినట్టు మెలి తిరిగి ఉంటుంది. ఆ తోక మీద ఒక చుక్క నీళ్లు వేస్తే గింజకు ప్రాణం వచ్చినట్టే. మెలి విప్పుకుంటూ తోక గుండ్రంగా తిరుగుతుంది. ఆరితే మళ్లీ మెలి పడుతుంది. రాత్రి మంచుకు విప్పుకోవడం, పగలు ఎండకు బిగుసుకోవడం. ఆ తిరుగుడుకే మొన నేలలోకి కొంచెం కొంచెం దిగుతుంది. గాలికి ఎగిరిపోకుండా, చీమలు మోసుకుపోకుండా, గడ్డి మంట పైన సాగిపోతే కాలిపోకుండా, ఎప్పుడో రాబోయే తొలకరి కోసం ఆ గింజ తన గుంట తానే తవ్వుకుంటుంది. గొర్రెలకాపరులకు మాత్రం దీనిమీద ఇష్టం లేదు. ముదిరితే గొర్రె చర్మంలోకి, నోట్లోకి దిగుతుంది కనక లేతగా ఉండగానే మేపించేస్తారు.

గింజ దిగిన చోటే అసలు సంగతి ఉంది. అడవి తన సంపదను పైకెత్తి చూపిస్తుంది. గడ్డినేల దాచుకుంటుంది. అమెరికా ప్రేరీలో మనిషెత్తు గడ్డి కింద రెండు మూడు మీటర్ల లోతుకు వేళ్లు దిగుతాయి. ఏటా కొంత చచ్చి, కొంత కొత్తగా పుట్టి, వేల ఏళ్లపాటు ఆ వేళ్లే మట్టిని నల్లగా మార్చాయి. గాలిలోంచి లాగిన కర్బనం అక్కడ మట్టిలో ఉంటుంది, కొమ్మల్లో కాదు. నిప్పు వచ్చినా, కరువు వచ్చినా, పశువు మేసినా అది చెక్కుచెదరదు. నాగలి ఒక్కదానికే అందుతుంది. బ్రెజిల్‌లో అమెజాన్ పక్కనే సెరాడో అని ఒక సవానా ఉంది. వేళ్ల లోతు చూసి దాన్ని తలకిందుల అడవి అంటారు. 2006లో పెద్ద పెద్ద గింజల వ్యాపారులంతా అమెజాన్‌లో కొత్తగా అడవి నరికి పండించిన సోయా కొనమని ఒప్పుకున్నారు. లోకం సంతోషించింది. ఆ ఒప్పందం గీత సెరాడో దాకా రాలేదు. ఇవాళ్టికి అందులో సగం దుక్కికో, పశువుల మేతకో పోయింది. దాని మీద ప్రపంచంలో పెద్ద ఊరేగింపులేమీ జరగలేదు. పడిపోతున్న మహావృక్షం ఫొటోకు వస్తుంది. తెగిపోతున్న వేరు ఎవరి ఫొటోకూ రాదు.

ప్రేరీ కథ అందరికీ కొంచెం తెలుసు. కోట్ల సంఖ్యలో ఉన్న అడవిదున్నలు 1880ల చివరికి వెయ్యి లోపుకు పడిపోయాయి. దున్నలు పోయాక నాగళ్లు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ ధర పెరిగేసరికి దున్నకూడని దక్షిణ మైదానాలు కూడా దున్నేశారు. తర్వాత వానలు తప్పాయి. 1934 మేలో లేచిన దుమ్ము న్యూయార్కు మీదుగా సముద్రంలో ఓడల దాకా వెళ్లింది. 1935 ఏప్రిల్ 14 ఆదివారం సాయంత్రం పొద్దు కుంకకముందే ఓక్లహోమా, టెక్సాసుల్లో ఎదుటి మనిషి కనబడలేదు. ఇంత జరిగిన ఇరవై ఏళ్లకే, 1954లో, సోవియట్ నాయకుడు కృశ్చేవ్ కజకిస్తాన్, సైబీరియా స్టెప్పీలను దున్నమని యువకులను రైళ్లలో పంపాడు. కొన్నేళ్లలో నాలుగు కోట్ల హెక్టార్లు దుక్కిలోకి వెళ్లాయి. మొదట గోధుమ విరగపండింది, తర్వాత అక్కడా దుమ్మే లేచింది. పెట్టుబడిదారీ దేశం చేసిన పొరపాటును సోషలిస్టు దేశం ఒక్క అక్షరం మార్చకుండా తిరిగి రాసుకుంది. భూమి విషయంలో ఆ రెండు సిద్ధాంతాలకూ ఏనాడూ తగాదా లేదు.

కజకిస్తాన్‌లో సగం పని చరిత్రే చక్కదిద్దింది. 1991లో సోవియట్ యూనియన్ కూలింది. ప్రభుత్వ క్షేత్రాలు మూతపడ్డాయి, లక్షల హెక్టార్లు వదిలేసి జనం వెళ్లిపోయారు. గడ్డి మెల్లగా తిరిగొచ్చింది. బూర ముక్కు జింకలు, సైగాలంటారు, కొమ్ముల కోసం వేటాడినవాళ్ల చేతుల్లో దాదాపు అంతరించి, కాపలా పెట్టాక కోలుకుని, 2015లో ఒక బ్యాక్టీరియాకు కొద్ది వారాల్లో రెండు లక్షల దాకా చచ్చి, మళ్లీ పది లక్షలు దాటాయి. గడ్డినేలకు ఆ మొండితనం ఉంది. అయితే అక్కడ అది జరిగింది మనుషులు వెళ్లిపోయినందుకు. మనకా సౌకర్యం లేదు. మన గడ్డినేల మీద మనుషులు ఎప్పుడూ ఉన్నారు, ఎక్కడికీ పోరు.

కజకిస్తాన్ గొడవ మనకెందుకు అనిపించవచ్చు. పిల్లిగద్దల కోసం. సన్నగా, పొడుగు రెక్కలతో, నేలకు బారెడెత్తులో గడ్డిని వెతుక్కుంటూ ఎగిరే ఈ గద్దలు వేసవిలో మధ్య ఆసియా స్టెప్పీలో గూళ్లు పెడతాయి. చలి ముదరకముందే బయల్దేరి మన దేశపు గడ్డినేలలకు వస్తాయి. ఉపగ్రహానికి కబురు పంపే పరికరం వీపుకు కట్టి చూస్తే, ఇక్కడ చలికాలం గడిపిన గద్ద తేలింది కజకిస్తాన్‌లోనే. అవి చెట్టెక్కి నిద్రపోవు. పొద్దుగూకే వేళకు ఒక గడ్డిబీడు మీద చేరి, చుట్టూ తిరిగి తిరిగి, ఒక్కొక్కటే నేల మీదికి దిగి గడ్డి మధ్య పడుకుంటాయి. కర్నూలుకు తూర్పున, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు బీట్లో ఒకప్పుడు వందల కొద్దీ అలా దిగేవి. అక్కడ వాటి తిండి ఎక్కువగా మిడతలు. చుట్టూ పత్తి పెరిగి, పత్తి మీద మందు పెరిగి, మిడతలు తగ్గాక గద్దలూ తగ్గాయి. అక్కడ స్టెప్పీని కాపాడి, ఇక్కడ బీడు దున్నితే ఆ గద్దకు దక్కేది సగం జీవితమే.

రోళ్లపాడు పేరు తెలిసింది గద్దల వల్ల కాదు, బట్టమేక వల్ల. మీటరు ఎత్తు, మగదైతే పదిహేను కిలోల దాకా బరువు, అంత బరువుతో ఎగరగలిగే పక్షులు లోకంలోనే బహు తక్కువ. ఏడాదికి ఒక్క గుడ్డు, అదీ నేల మీద. జాతీయ పక్షిని ఎంచుకునే రోజుల్లో పక్షిశాస్త్రవేత్త సలీం అలీ దీని తరఫున మాట్లాడాడు. నెమలి గెలిచింది. 1980లలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు రోళ్లపాడులో ఏళ్ల తరబడి ఉండి దీని బతుకు రాసుకున్నారు. 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను అభయారణ్యం చేశారు. చెట్టు లేని చోటును అరణ్యమని పిలవాల్సి రావడం మన చట్టానికున్న ఇబ్బంది.

కంచె వేశారు. లోపల గడ్డి పెరిగింది. కృష్ణజింకలు పెరిగాయి. పెరిగిన జింకలు కంచె దాటి చేలమీద పడ్డాయి. రైతుకు కోపం జింక మీద మొదలై అభయారణ్యం మీదికి, అక్కణ్ణుంచి పక్షి మీదికి వచ్చింది. ఈలోగా కాలవల నీళ్లు అందాయి. కొర్ర, జొన్న, వేరుశనగ వేసే చోట పత్తి, మిరప వచ్చాయి. బట్టమేకకు కంచె లోపలి ఆరు చదరపు కిలోమీటర్లు ఇల్లు మాత్రమే, బయటి మెట్టచేలు దాని పెరడు. కొర్రచేల్లో పురుగులు ఏరుకునేది, వేరుశనగలో తిరిగేది, బీట్లో ఆడేది. పెరడు పోయాక ఇల్లు ఒక్కటీ ఎంత పదిలంగా ఉంటే ఏం లాభం? ఇప్పుడు అక్కడ బట్టమేక లేదనే చెబుతారు చూడటానికి వెళ్లివచ్చినవాళ్లు. దేశం మొత్తం మీద మిగిలినవి రెండొందల లోపు, అవీ చాలా వరకు రాజస్థాన్‌లో. అక్కడ వాటికి కరెంటు తీగలు గండం. పక్క చూపు బాగుండి ఎదుటి చూపు తక్కువైన పక్షి, బరువు వల్ల చప్పున పక్కకు తిరగలేదు, గుద్దుకుంటుంది. ఆ తీగలు భూమిలో వేయమని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. అన్నిచోట్లా అది కుదరదని, సౌరవిద్యుత్తు కూడా అవసరమేనని 2024లో ఆ ఆజ్ఞను సడలించింది. రెండు తీర్పుల్లోనూ న్యాయం ఉంది, చిక్కంతా అక్కడే.

ఇంకొంచెం దక్షిణానికి, పెన్నా లోయకు వస్తే, ముళ్లపొదల కింద మరో కథ. కలివి కోడి. కలివి పొదల్లో తిరిగే పిట్ట కనక ఆ పేరు. పగలు పొద కింద కదలకుండా కూర్చుంటుంది, చీకటి పడ్డాక నడుస్తుంది. పెద్ద కళ్లు, రొమ్ము మీద రెండు పట్టీలు. 1848లో జెర్డన్ అనే వైద్యుడు దీన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. ఇక అంతరించిందనుకున్నారు. 1986 జనవరిలో భరత్ భూషణ్ అనే యువ పరిశోధకుడు కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర, బొమ్మలు చూపించి ఊరూరా అడిగి అడిగి, చివరికి దాన్ని కనుక్కున్నాడు. కనుక్కున్నాడనడం మర్యాద కోసం. చీకట్లో లైటు పట్టుకుని దాన్ని పట్టి తెచ్చింది ఆ ఊరి వేటగాడు. ఎనభై ఆరేళ్లు శాస్త్రానికి దొరకని పక్షి, దాని పొద ఎరిగినవాణ్ణి అడిగాక దొరికింది. తొంభైకి చేరువలో ఉన్న సలీం అలీకి కబురు వెళ్లింది. పట్టిన పిట్ట మాత్రం ఎక్కువ రోజులు బతకలేదు. 1988లో దాని పేరుతో తపాలా బిళ్ల వచ్చింది, శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది.

తర్వాత దాన్ని వెతికినవాళ్లు తెలివైన పద్ధతి పట్టారు. కంటికి కనబడనిదాన్ని వెంటాడకుండా, పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వాటి మీద కాలిగుర్తులు చదివారు. అక్కడక్కడ కెమెరాలు కట్టారు. ఆ గుర్తులన్నీ లెక్కగట్టి చూస్తే తేలిన సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా ముచ్చటేస్తుంది. ఈ పిట్టకు దట్టమైన పొద పనికిరాదు, బయలూ పనికిరాదు. రెండు మీటర్లకు మించిన పొదలు హెక్టారుకు 300 నుంచి 700 దాకా ఉన్నచోట, వాటి మధ్య నడవడానికి బోడినేల ఉన్నచోట అది ఉంటుంది. ఆ కొలత ఎవరు పెట్టారు? మేకలు కొంత, గొర్రెలు కొంత, తలమీద కట్టెలమోపుతో ఇంటికి వెళ్లే ఆడవాళ్లు కొంత. మనిషి చెయ్యి అసలు పడకపోతే పొద కమ్మేస్తుంది. మరీ పడితే నేల బోడవుతుంది. నడుమ ఒక సన్నటి చోటుంది, అందులో ఆ పిట్ట నడుస్తుంది. మనుషుల్ని వెళ్లగొట్టి ప్రకృతిని కాపాడాలనేవాళ్లకూ, మనిషికి పనికొచ్చేదే ప్రకృతి అనేవాళ్లకూ ఈ కొలత ఇబ్బందే.

కలివి కోడి నేల మీదుగానే తెలుగుగంగ కాలవ రావాల్సి వచ్చింది. శ్రీశైలం నీళ్లు వెలుగోడు, బ్రహ్మంసాగర్, సోమశిల, కండలేరు మీదుగా మద్రాసుకు. దారిలో సీమ చేలకు. పక్షి బయటపడ్డాక ఒకసారి, కాలవ తవ్వకం పొదల్లోకి వచ్చాక ఇంకోసారి, కాలవ దారి మార్చాల్సి వచ్చింది. ఒక పిట్ట కోసం కాలవ ఆపుతారా అని అడిగినవాళ్లని నేను వెక్కిరించలేను. ధాత కరువు కథలు ఇంకా ముసలివాళ్ల నోట మిగిలివున్న జిల్లాలివి. ఈ నేల మీద నీళ్లు వద్దనే హక్కు, కొళాయి తిప్పితే నీళ్లొచ్చే ఇంట్లో కూర్చున్న నాలాంటివాడికి లేదు. అయితే రెండుసార్లూ దారి మారింది, కాలవా వచ్చింది. అది కూడా చెప్పుకోవాలి. దారి మార్చడం సాధ్యమేనని తేలిన తర్వాత, సాధ్యం కాదనే వాదనలన్నీ కాస్త తేలికైపోతాయి.

ధాత అంటే 1876-77. జనం గింజల కోసం పుట్టలు తవ్వుకుంటున్న ఆ రోజుల్లోనే, 1877లో, కడప జిల్లా కమలాపురం దగ్గర అటవీశాఖ ఒక విదేశీ తుమ్మ గింజలు నాటింది. వంటచెరకు కోసం. ఎండకు ఓర్చుకుంటుంది, పశువు ఆకు ముట్టదు, నరికితే మళ్లీ లేస్తుంది. అప్పటి అధికారి దృష్టిలో కరువునేలకు ఇంతకంటే మంచి చెట్టు లేదు. అదే మన సర్కారు తుమ్మ. ఆకు ముట్టని మేక దాని తియ్యటి కాయలు మాత్రం ఇష్టంగా తింటుంది, గింజలు పెంటికల్లో కలిసి పోయినచోటల్లా మొలుస్తాయి. చెరువు కట్టలు, కాలవ గట్లు, బీళ్లు, శ్మశానాలు, అన్నీ దానివే. దాని కింద గడ్డి సరిగా రాదు. కలివి కోడి నడవలేదు, గొర్రె దూరలేదు. చెట్టు లేని చోట చెట్టు పెట్టాలన్న మంచి మనసు నూటయాభై ఏళ్లలో చేసిన పని అది. మళ్లీ, ఆ కంప కొట్టి బొగ్గులు కాల్చి అమ్ముకుని బతికే కుటుంబాలు అనంతపురం వైపు ఎన్నో. దాన్ని తిట్టబోతే వాళ్లు గుర్తొస్తారు. ఇప్పటికీ ఎక్కడో గని కోసమో రోడ్డు కోసమో అడవి పోతే, దానికి బదులుగా మొక్కలు నాటడానికి ఇలాంటి బీళ్లే వెతుకుతారు. గుంటలు తీస్తారు, వేళ్లు తెగుతాయి, లెక్కలో పచ్చదనం పెరుగుతుంది.

ఈ నేల పైన ఏమీ లేదన్నవాళ్లు కింద ఉన్నదాన్ని ఎన్నడూ తక్కువ చేయలేదు. కడప బండలు సగం దక్షిణాది వంటిళ్లలో గట్టులయ్యాయి. మంగంపేట ముగ్గురాయి చమురు బావులు తవ్వే బురదలో కలపడానికి గల్ఫ్ దాకా పోతుంది. రాజంపేట, రాయచోటి కుర్రాళ్లు కూలికి కువైట్ పోతారు. ఒకే తాలూకాల రాయీ మనిషీ ఒకే ఎడారికి చేరుకోవడం మీద ఎవరైనా నవల రాయాలి. శేషాచలం ఎర్రచందనం సంగతి ఇక్కడ ఎత్తితే వ్యాసం పోలీస్ స్టేషన్‌లో తేలుతుంది, వదిలేస్తున్నాను.

పైన ఏమీ లేదనే మాట మాత్రం లెక్కలకు ఎక్కి రెండొందల ఏళ్లు దాటింది. 1800లో నిజాం ఈ జిల్లాలు ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాక కలెక్టరుగా మన్రో వచ్చి పొలం పొలం కొలిపించాడు. మంచివాడని పేరు, సీమలో పిల్లలకు ఆయన పేరు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. కానీ ఆయన కొలతకు ఒక ప్రశ్నే తెలుసు: దీనిమీద శిస్తు ఎంత? తరి, మెట్ట, తోట, వీటికి జవాబుంది. మందలు తిరిగే బీటికి జవాబు లేదు, అది పోరంబోకులోనో బంజరులోనో పడింది. దొరతనం పోయింది, కొలత గొలుసు పోయి ఉపగ్రహం వచ్చింది. హైదరాబాదు బాలానగర్‌లోని దూరగ్రాహక కేంద్రం తయారుచేసే బంజరు భూముల అట్లాసులో పొదలున్న నేలకు ఇవాళ్టికీ ఒక గడి ఉంది. ఆ గడిలో పడ్డ భూమిని ఎవరికైనా ఇవ్వడం తేలిక. ఓర్వకల్లు దగ్గర గని, శకునాల ఊళ్ల మధ్య ఆరువేల ఎకరాలకు కాస్త తక్కువ నేల మీద 2017లో వెయ్యి మెగావాట్ల సౌరవిద్యుత్ పార్కు వచ్చింది. బొగ్గు కాల్చడం కంటే ఇది వెయ్యి రెట్లు నయం, అందులో నాకు సందేహం లేదు. ఆ అద్దాలు ఎక్కడో ఒకచోట పెట్టాలి కూడా. కాకపోతే ఆ ఎక్కడో అన్నది ప్రతిసారీ ఇక్కడే ఎందుకవుతుందన్నదే నా అనుమానం. ఫ్యాక్టరీ కప్పుల మీద, కాలవల మీద, పట్నపు మేడల మీద కూడా ఎండ పడుతుంది కదా.

ఓర్వకల్లు దారిలో ఓ గొర్రెలమందను ఆపి మాట్లాడాను. మంద ఆగలేదు, కాపరే ఆగాడు. అరవై దాటిన మనిషి, భుజాన గొంగడి, చేతిలో దోటికర్ర, జేబులో ఫోను. "ఈ పక్క బీడేమైంది పెద్దాయనా?" అంటే, "యాడుంది సామీ బీడు? ఈ పక్క కంచె, ఆ పక్క కంచె. గొర్రెకు తోవ మిగిల్చినారు, మేత మిగల్చలా" అన్నాడు. కోపం లేదు, రేటు చెప్పినట్టు చెప్పాడు. ఒకప్పుడు వానలకు ఈ బీళ్లలోనే తిప్పి, ఎండలకు నల్లమల అంచుకు తోలుకుపోయేవాళ్లట. ఇప్పుడు పంటకోతల వెంట కాలవ పట్టుకుని పోతున్నారు. కాలవ కింద బీళ్లు పోయాయి, కానీ వరి కొయ్యకాళ్లు దొరుకుతున్నాయి. ఏది నయమని అడిగాను. "వరిగడ్డితో గొర్రె బతుకుతాది సామీ. బీటిగడ్డితో బలుస్తాది" అన్నాడు. అమెరికాలో, ఆస్ట్రేలియాలో సౌర అద్దాల కింద పెరిగే గడ్డికి గొర్రెలనే తోలుతున్నారని చెప్పాను. కంపెనీకి కోత ఖర్చు తప్పుతుంది, మందకు మేత దొరుకుతుంది. ఆయన ఆసక్తిగా విని, "ఎవర్నడగాల?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గరా జవాబు లేదు.

ఆ సాయంత్రం మంద కట్టించుకోవడానికి ఓ పత్తి రైతు బేరానికి వచ్చాడు. రాత్రంతా గొర్రెలు చేలో పడుకుంటే పడే ఎరువు, మూత్రం ఏ మూటలోనూ రాదని ఇద్దరికీ తెలుసు. అయినా బేరం బేరమే. రైతు, "ఏం మామా, పోయినేటి కంటే మున్నూరెక్కువ అడుగుతాండావే, యూరియా మూటొస్తాది దానికి" అన్నాడు. "యూరియాకు సర్కారు సగానికి మించి పెట్టుకుంటాది అల్లుడూ. నా గొర్రెకు ఎవురు పెట్టుకుంటారు?" అన్నాడు కాపరి. చాలాసేపు సాగి రెండు రాత్రులకు తెగింది. డబ్బు, మనుషులకు రెండుపూటలా సంగటి, ఫోనుకు చార్జింగు. మూడో రాత్రి ఎక్కడో ఇంకా తేలలేదు. పాములపాడు వైపు వరి కోసిన మళ్లున్నాయని తమ్ముడెవరో ఫోను చేశాడట, మధ్యలో రోడ్డు పని జరుగుతోంది, మందను ఎటు తిప్పాలో కనుక్కుంటున్నాడు.